కవరు మీద మిసెస్

చికాగో
జూన్ 5, 1932

అక్కా,

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వూ, బావా, అమ్మా నలతల్లేకుండా ఉంటారని ఆశ. ముందు మంచి మాట చెప్తాను. వెర్నెల్‌కి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పాపకి అమ్మ పేరే పెట్టాం, టెంపరెన్స్ అని. అది ఏడుపు లంకించుకుంటే కింది వాటావాళ్ళు కర్రతో పైకప్పు పొడుస్తున్నారు. గొంతు మేనత్తదే వచ్చిందని నా అనుమానం.

చెడ్డ మాట నీకు తెలిసిందే. కబేళాలో వారానికి రెండు రోజులే పని. మనుషుల్ని తీసెయ్యాలంటే ముందు మన నల్లవాళ్ళనే తీస్తారు, ఆ వరస ఇక్కడా మారలేదు. పోయిన నెల వెర్నెల్ నిండు నెలలతో పనిలేనివాళ్ళకి సాయమిచ్చే ఆఫీసుకి వెళ్ళి పొద్దుటినుంచీ వరసలో నిలబడింది. కిటికీ వెనకున్న తెల్లావిడ కాగితాలు చూసి, “ఇప్పుడు ఇవ్వడానికేం లేదు, మిసెస్ గెయిన్స్” అందట. ఇంటికొచ్చి ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. లేదంటే లేదంది గానీ మర్యాదగా లేదంది అని చెప్పింది.

నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. డెబ్భై ఏళ్ళు మీదపడ్డాయి. పాలుతాగే తెల్లపిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలివాళ్ళ దాకా ఆవిణ్ణి టెంపీ అంటారు, లేదా టెంపీ అత్త అంటారు. మిసెస్ అన్నవాడు ఒక్కడు లేడు. అందుకని ఈసారి అమ్మకి విడిగా ఒక కవరు పంపాను. మిసెస్ టెంపరెన్స్ గెయిన్స్ అని గుండ్రంగా రాశాను. లోపల పాప ఫోటో ఉంది. నీకు మర్యాద చేస్తే నవ్వుతావని నీ కవరు మీద ఉత్త ఆర్డీలియా టల్ అనే రాశాను.

అమ్మ కవరు అందిందా? చదివి వినిపించు. లోపలిది తర్వాత, ముందు పైనున్నది చదువు.

నీ తమ్ముడు
లూషియస్


హాలోవే క్రాసింగ్, అలబామా
జూన్ 19, 1932

తమ్ముడూ,

పాప పుట్టినందుకు దేవుడికి దణ్ణం. తల్లికి పాలు పడాలంటే ఆకుకూర ఉడకబెట్టి, ఆ నీళ్ళు తాగించు. ఇంతటితో నా మంచి మాటలు అయిపోయాయి.

శనివారం మొక్కజొన్న పిండికని నేనూ అమ్మా కొట్టుకి వెళ్ళాం. పోస్టాఫీసు ఆ కొట్టులోనే ఓ మూల కిటికీ అనీ, కొట్టు కెప్టెన్ రాట్లిఫ్‌దనీ, మేం సగం పాలుకి చేసే పొలమూ ఆయనదేననీ నీకు గుర్తుందో, పట్నం నీళ్ళు తాగి మర్చిపోయావో. కిటికీలో కూర్చునే స్ప్రూల్ నీ కవరు ఎత్తి పట్టుకుని, కొట్టు నిండా ఉన్న జనానికి వినిపించేలా చదివాడు. “మిసెస్ టెంపరెన్స్ గెయిన్స్ అట. ఈ ఊళ్ళోకి కొత్తగా దిగిన దొరసాని ఎవరబ్బా?”

పీపాల మీద కూర్చున్న తెల్లవాళ్ళు పగలబడి నవ్వారు. మనవాళ్ళు నేలచూపులు చూశారు. అమ్మ మాత్రం చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, “నేనేనండి” అంది.

స్ప్రూల్ ముందు నవ్వాడు. నువ్వు టెంపీ అత్తవి కదే అన్నాడు. టెంపీ అత్తని అని ఒక్క మాట చెప్పి పట్టుకెళ్ళమన్నాడు. అంతే, తమ్ముడూ. ఆ ఒక్క మాట చెబితే పోయేది. వీళ్ళు అత్తా అన్నంత మాత్రాన ఏ ఇంట్లోనూ ముందు గుమ్మంలోంచి రానివ్వలేదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ అమ్మ, “కవరు మీదున్న మనిషిని నేనే. నా కొడుకు తప్పు రాయడు” అని వెనక్కి తిరిగి బయటికి నడిచింది. కవరు అక్కడే ఉండిపోయింది. పిండి మూటతో నేను మధ్యలో నిలబడ్డాను.

నీకు పోయిందేముంది? చికాగోలో కూర్చుని కలం విదిలించావు. ఇక్కడ పత్తికి ఇప్పుడిప్పుడే పూత పడుతోంది. సెప్టెంబరులో తీత. ఈలోగా కెప్టెన్‌కి కోపం తెప్పించామంటే చేలోంచి లేవగొడతాడు, ఏడాదంతా మేం పెంచిన పత్తి ఇంకొకళ్ళచేత ఏరించుకుంటాడు. పోయినేడు మోజ్లీ వాళ్ళకి అదే జరిగింది. వాళ్ళ పెద్దాడు ‘అలాగేనండి’ అనబోయి ‘అలాగే’ అన్నాడు, అంతే. ఆ ‘అండి’ మింగినందుకు ఇంటిల్లిపాదీ రోడ్డున పడ్డారు.

నువ్వు మొదలుపెట్టావు, నువ్వే తేల్చు. మీ బావ కూడా అదే మాట చెప్పమన్నాడు.

నీ అక్క
ఆర్డీలియా


చికాగో
జూలై 1, 1932

అక్కా,

నీ ఉత్తరం వెర్నెల్‌కి చదివి వినిపించాను. అమ్మ “నేనేనండి” అన్నచోట ఇద్దరం నవ్వాం, తర్వాత నాకు కళ్ళు తిరిగేంత కోపం వచ్చింది. ఆ కవరు మీద అంటించిన బిళ్ళ నేను డబ్బు పెట్టి కొన్నాను. టపా ప్రభుత్వానిది. ఆ స్ప్రూల్‌గాడి అబ్బ సొత్తు కాదు.

నువ్వు తేల్చమన్నావు, తేల్చాను. కబేళా సంఘంలో లెస్టర్ అని ఒకాయన ఉన్నాడు, కాలేజీ చదివినవాడు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని టపా పైఆఫీసుకి ఫిర్యాదు రాశాను. స్ప్రూల్ పేరు, తారీఖు, కొట్టు, అమ్మ పేరు, సాక్షిగా నీ పేరు, ఏదీ వదల్లేదు. బావ పేరు కూడా రాశాను, మగవాడి పేరుంటే బరువని లెస్టర్ అన్నాడు. అమ్మకి పాప ఫోటో ఇంకోటి పెట్టి ఇంకో కవరు కూడా పంపాను. దీని మీద మిసెస్ ఇంకాస్త పెద్దగా రాశాను.

భయపడకు. ఇంతకాలం మనం భయపడబట్టే వాళ్ళకి అలవాటైంది.

నీ తమ్ముడు
లూషియస్


హాలోవే క్రాసింగ్
జూలై 17, 1932

ఒరే మూర్ఖుడా,

తేల్చమంటే, మామూలు కవరులో ఫోటో పెట్టి మళ్ళీ పంపి గొడవ ఆర్పమని. ప్రభుత్వానికి రాయమని నేను ఏ భాషలో చెప్పాను? సాక్షిగా నా పేరు రాశావా? నీ బావ హాలిస్ పేరు రాశావా? హాలిస్‌కి చదివి వినిపిస్తే సగంలో లేచి బయటికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ నాతో మాటల్లేవు, కంచరగాడిదతో మాట్లాడుకుంటున్నాడు.

ఆ గాడిద కెప్టెన్‌ది. దాని పేరు కర్నల్. ఆయన కుక్క పేరు జడ్జి. ఆయనేమో ఏ యుద్ధానికీ వెళ్ళని కెప్టెన్. మన చర్చి రెవరెండ్ పూల్ ఎదురైతే మిస్టర్ అనాల్సి వస్తుందని తెల్లవాళ్ళు ‘ప్రీచరూ’ అంటారు. గాడిదకీ కుక్కకీ దొరికిన గౌరవం నన్ను కన్నతల్లికి ఎక్కువైపోయింది. నాకు కోపం లేదనుకోకు. నా కోపం నీ కోపంలా బిళ్ళ అంటించి పంపేది కాదు. పొద్దున లేచి దానితోనే కలుపు తీయాలి.

అమ్మ సంగతి విను. ఇప్పుడు ప్రతి శనివారం చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని కొట్టుకి వెళుతోంది. కిటికీ దగ్గర నిలబడి, మిసెస్ టెంపరెన్స్ గెయిన్స్‌కి ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడుగుతుంది. స్ప్రూల్ లేవంటాడు. సరేనండి అని వచ్చేస్తుంది. నీ కవర్లు రెండూ కిరసనాయిలు డబ్బా పైన గోడకి మేకు కొట్టి తగిలించాడు, వచ్చేపోయేవాళ్ళ వేడుకకి. అమ్మకి చదువు రాదు కదా, నాచేత పొయ్యి బూడిదలో ఆ మిసెస్ అనే మాట రాయించుకుని, చూసి చూసి గుర్తుపెట్టుకుంది. ఈ లోకంలో ఆవిడ చదవగలిగే మాట అదొక్కటే.

నేను పోట్లాడాను. పేరుకోసం పంట పోగొట్టుకుంటామా, ఆ ముక్కేదో అనేసి రావచ్చు కదా అన్నాను. అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

“మా అమ్మకి పెళ్ళయింది. అయినా బానిసల పెళ్ళి పెళ్ళి కాదన్నారు, మా నాన్నని అమ్మేశారు. నన్ను మీ నాన్న చర్చిలో అందరిముందూ చేసుకున్నాడు. ఆయన నాకు పొలం ఇచ్చాడా, ఇల్లిచ్చాడా? ఇచ్చింది ఆ ఒక్క మాట. అది కూడా నాది కాదని నా నోటితో చెప్పమంటావే?”

లేచి వెళ్ళి నీళ్ళు తోడాను. అయినా చెప్తున్నాను, కడుపు నిండేది పత్తితోటి. మామూలు కవరు పంపు. వెంటనే పంపు.

ఆర్డీలియా


చికాగో
ఆగస్టు 2, 1932

అక్కా,

తప్పయింది. కబేళాలో మన పక్క కౌంటీ ముసలాయన ఒకడున్నాడు. ఫిర్యాదు సంగతి చెబితే కత్తి కింద పెట్టేసి, “ఒరే, వాళ్ళింకా ఆ ఇంట్లోనే ఉన్నారా?” అన్నాడు. ఆ ప్రశ్న నా చెవిలోంచి పోవడం లేదు. లెస్టర్‌ని అడిగితే, న్యాయం మనవైపే ఉంది అంటాడు. ఆయనవాళ్ళెవరూ అలబామాలో లేరు.

మామూలు కవరు ఈ ఉత్తరంతోపాటే పంపాను. పైన ‘టెంపీ గెయిన్స్’ అని మాత్రమే రాశాను. రాసేటప్పుడు చెయ్యి నాది కాదనిపించింది. లోపల పాప ఫోటో ఉంది, ఇదే ఆఖరిది, ఇంకోటి తీయించే తాహతు లేదు. అమ్మని తీసుకోమను. నేను బతిమాలుతున్నానని చెప్పు. మర్యాద ఎక్కడికీ పోదు, పంట చేతికొచ్చాక చూసుకోవచ్చు.

ఇక్కడ పక్కవాటా వాళ్ళ సామాను వీధిలో పడేశారు. మేమంతా కలిసి మళ్ళీ లోపల పెట్టాం. మళ్ళీ పడేశారు. పొయ్యి మాత్రం మా ఇంట్లో దాచాం. బావ కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

లూషియస్


హాలోవే క్రాసింగ్
ఆగస్టు 21, 1932

తమ్ముడూ,

నీ మామూలు కవరు అందింది. అందిందంటే కిటికీ దాకా అందింది. స్ప్రూల్ ఎంతో ఆప్యాయంగా, “ఇదిగో టెంపీ అత్తా, మీవాడు దారికొచ్చాడు” అని ఇచ్చాడు. నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. అమ్మ కవరు తిప్పి తిప్పి చూసింది. ఆవిడకొచ్చిన ఒక్క మాటా దానిమీద లేదు. బల్లమీద పెట్టి వెనక్కి నెట్టేసింది.

“ఇది నాది కాదండి. ఇంకెవరిదో” అంది.

ఇంటికొచ్చాక అడిగింది, ఆ మాట తీసేసి రాయమని వాడికి ఎవరు చెప్పారు అని. నేనే చెప్పానన్నాను. వాడు విన్నాడా అంది. విన్నాడన్నాను. ఆ పూట అన్నం ముట్టలేదు. స్ప్రూల్ నవ్వినప్పుడు కూడా అమ్మ మొహం అలా కాలేదు.

పులిమీద పుట్రలాగా నీ ఫిర్యాదు కూడా తిరిగి తిరిగి స్ప్రూల్ బల్లమీదికే వచ్చింది, దీనికి నీ సమాధానమేమిటి అని. దొంగని పట్టుకోమంటే దొంగకే తాళాలిచ్చారు. నిన్న కెప్టెన్ కారేసుకుని వచ్చాడు. దిగలేదు. హాలిస్‌ని కారు దగ్గరికి పిలిపించుకున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషిని ‘కుర్రాడా’ అన్నాడు. రాబోయే శనివారం ముసల్ది కొట్టు ముందుకొచ్చి, నేను టెంపీ అత్తని, నా కొడుకు రాసింది అబద్ధం అని అందరిముందూ చెప్పాలిట. లేదా చీకటిపడేలోగా పొలం దాటాలిట. పత్తి కాయలు పగలడం మొదలైంది, తమ్ముడూ. చేను ఆ చివరనుంచి తెల్లబడుతోంది. ఇంత మంచి కాపు నేను పెళ్ళయినప్పట్నుంచీ చూడలేదు.

అమ్మ చెప్పదు. అది తెలిసిపోయింది. అందుకని శనివారం నేనే వెళుతున్నాను. అమ్మకి మతి చలించిందనీ, వయసు మీదపడి ఏదో మాట్లాడుతోందనీ, ఆవిడ బదులు నేనే క్షమించమంటున్నాననీ చెప్తాను. కన్నతల్లిని పిచ్చిదనడానికి నోరు రావాలి. అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను, వచ్చింది.

ఇదంతా నువ్వు తెచ్చిపెట్టిందే. అది మర్చిపోవద్దు.

ఆర్డీలియా


చికాగో
సెప్టెంబరు 20, 1932

అక్కా,

ఇది రెవరెండ్ పూల్ గారి పేరున పంపుతున్నాను, ఆయనైనా నీకు చేరుస్తారేమోనని. నీ ఆగస్టు ఉత్తరానికి ఆరోజే జవాబు రాశాను. సరే, పిచ్చిదని చెప్పెయ్యి, తప్పు నాది, నరకానికి నేను వెళతాను అని. ఆ కవరు తిరిగొచ్చింది. ‘ఈ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు’ అని ఎర్ర పెన్సిలుతో అడ్డంగా రాసి ఉంది. స్ప్రూల్ చెయ్యే.

లేరంటే ఏమిటి? పొలంలో లేరనా, ఊళ్ళో లేరనా? కబేళా ముసలాయన నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. వద్దామంటే బండి ఖర్చుకి లేదు. వెర్నెల్ తన పెళ్ళి ఉంగరం తీసి బల్లమీద పెట్టింది, నేను తిరిగి తొడిగాను, మళ్ళీ తీసింది. నేను రాసింది ఒక్క మాట. చెరపడం నావల్ల కావడం లేదు.

బతికున్నామని ఒక్క ముక్క రాయి. తిట్టి రాయి, ఫరవాలేదు.

లూషియస్


బెతెల్ చర్చి వెనక,
మాక్స్‌వెల్ స్టేషన్, జార్జియా
అక్టోబరు 9, 1932

తమ్ముడూ,

బతికే ఉన్నాం. ముగ్గురం. రెవరెండ్ నీ ఉత్తరం ఎవరిచేతో పంపించారు. తిట్టి రాయమన్నావు, ఆ లోటు చెయ్యను. కానీ జరిగింది జరిగినట్టు ముందు చెప్పాలి, లేకపోతే మళ్ళీ నీకు తోచినట్టు అర్థం చేసుకుంటావు.

శనివారం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. అమ్మకి చెప్పలేదు. కెప్టెన్ కొట్టు అరుగుమీద కుర్చీలో ఉన్నాడు, జడ్జి ఆయన కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. తెల్లవాళ్ళూ మనవాళ్ళూ చాలామంది చేరారు. నేను లోపలికి వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాను. చెప్పవలసిన మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. స్ప్రూల్ తొందర పడ్డాడు. వేడుక చూడాలని ఉంది వాడికి. “చెప్పవే ఆర్డీలియా. మీ అమ్మ ఎవరు?” అన్నాడు.

వాడు ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే నేను చెప్పేసేదాన్నేమో. తలెత్తితే కిరసనాయిలు డబ్బా పైన నీ కవర్లు కనిపించాయి. పొగకి మసిబారాయి. నువ్వు పెద్దగా రాశానన్నావే, ఆ మాట మాత్రం గోడ ఈ చివర్నుంచి కూడా కనబడుతోంది. దాని వెనక కాగితంలో పాప మొహం ఉంది, దాన్ని చూడ్డానికి ముసల్ది ఎండాకాలమంతా నడిచింది. నాకు కోపం వచ్చింది. నీమీద, అమ్మమీద, నా నోటిమీద, అద్దం ముందు నేను చెప్పుకున్న ఆ మాటలమీద కూడా.

“మా అమ్మ మిసెస్ టెంపరెన్స్ గెయిన్స్. నేను మిసెస్ ఆర్డీలియా టల్. మా ఇద్దరికీ ఉత్తరాలేమైనా వచ్చాయాండీ?” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. స్ప్రూల్ చెంపమీద కొట్టాడు, కిటికీలోంచి చెయ్యి సాచి. ఆ దెబ్బ సంగతి ఇంతకంటే రాయను. అరుగు మీదనుంచి కెప్టెన్, చీకటిపడేలోగా అన్నాడు, అంతే. తిరిగి వస్తుంటే మనవాళ్ళలో ఒక్కరూ నావైపు చూడలేదు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకీ చేలున్నాయి. మోజ్లీ వాళ్ళు పోయినప్పుడు నేనూ ఇలాగే తల తిప్పుకున్నాను.

ఇంటికి వెళ్ళి హాలిస్‌కి చెప్పాను. పిచ్చిదని చెప్పి వస్తానని వెళ్ళి ఇదా చెప్పి వచ్చావు అంటాడనుకున్నాను. ఆయన చేనువైపు చాలాసేపు చూశాడు. చేను చివరిదాకా పత్తి విచ్చుకుని ఉంది, తెల్లగా, ఒక్క గంపెడు కూడా మాది కాకుండా. తర్వాత గాడిద మెడలోంచి పట్టెడ తీసి మేకుకి తగిలించాడు. అది కెప్టెన్‌ది కదా. రెవరెండ్ బండి పంపించారు. అమ్మని ముందు కూర్చోబెట్టి, నావైపు చెయ్యి చాచి, నెలన్నరనుంచి మాట్లాడని మనిషి, “ఎక్కండి, మిసెస్ టల్” అన్నాడు. బండిలో మొహం మూటలో పెట్టుకుని ఏడ్చాను. కోపంతోటే ఏడ్చాను, ఇంకోలా అనుకోకు.

ఇప్పుడు కూలికి వేరేవాళ్ళ పత్తి ఏరుతున్నాం. నిద్ర చర్చివాళ్ళ కొట్టంలో. మొక్కజొన్న రొట్టె, పాకం, ఉన్నపూట ఉప్పు పంది ముక్క. చలికాలం ఎలా గడుస్తుందో తెలియదు. మేం పెంచిన పత్తి కెప్టెన్ ఎవరిచేత ఏరించాడో తెలుసా? మోజ్లీ వాళ్ళచేత. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గెలిచామని మీ లెస్టర్ ఎవరితోనైనా అంటే, ఆయన్ని ఒకసారి ఈ కొట్టంలో పడుకోమను.

నీమీద కోపం పోలేదు. నువ్వు ఆ మాట రాసినందుకు కాదు. మూడో కవరు మీద తీసేసినందుకు. తీసెయ్యమన్నది నేనే, అది వేరే సంగతి. అమ్మ మాత్రం నిన్ను క్షమించింది, నన్నూ క్షమించింది. ఎందుకు చేసిందో అడగలేదు.

ఫోటోలు మూడూ ఆ కొట్టులోనే ఉండిపోయాయి. అమ్మ ఇంకా మనవరాలి మొహం చూడలేదు. ఫోటో తీయించలేకపోతే కాగితం మీద పాప చెయ్యి పెట్టి, చుట్టూ గీసి పంపమంది. ఇక్కడ టపా మోసేవాడూ తెల్లవాడే, వీడు ఎలాంటివాడో ఇంకా తెలియదు. తెలుసుకుంటాం. కవరు మీద అమ్మ పేరు మొత్తం రాయి. కింద నా పేరు కూడా, మొత్తం. ఒక్క అక్షరం తగ్గినా అది ఇంకెవరిదో అనుకుని తిప్పి పంపేస్తాం.

నీ అక్క
మిసెస్ ఆర్డీలియా టల్